శ్రీశైల శిఖరముల బాటలో అక్క మహాదేవి

ఉగాది పండుగ సమీపించినదనగా కర్నూలు జిల్లా పడమటి సీమలో రెండు దృశ్యములు కానవచ్చును. మొదటిది కైరుప్పల గ్రామమున జరుగు పిడకల సమరము. రెండవది శ్రీశైల మల్లికార్జునుని దర్శనమునకై కన్నడ దేశమునుండి కాలినడకన తరలివచ్చు యాత్రికుల వరుస. పైకి చూచుటకు ఈ రెండింటికిని సంబంధము లేనట్లుండును. కాని లోతుగా విచారించిన రెండును ఒక పెండ్లి ముచ్చటయే.

కైరుప్పల ఆదోని ప్రాంతమున, ఆస్పరి మండలమందలి గ్రామము. అచ్చట వీరభద్రస్వామియు, కాళికాదేవియు వెలసియున్నారు. వారిరువురును ఒకరినొకరు వలచిరనియు, స్వామి వివాహమునకు జాగు చేయుటచే అమ్మవారి పక్షము వారికి కోపము వచ్చి పిడకలతో కలహమునకు దిగిరనియు గ్రామస్థులు తరతరములుగా చెప్పుకొందురు. ఆ కథను స్మరించుచు, ఉగాది మరునాడు ఊరివారు రెండు పక్షములుగా చీలి పిడకలు విసరుకొందురు. దెబ్బ తగిలినవారు స్వామి విభూతి రాచుకొని నవ్వుచు ఇండ్లకు పోవుదురు. పిదప స్వామికిని అమ్మవారికిని కల్యాణము జరుగును. కలహము చివర వైరము మిగులదు; పెండ్లి మిగులును. ఆడపిల్ల గౌరవమునకై ఊరంతయు నిలుచుట ఈ ఉత్సవములోని సారము.

ఇక కన్నడ యాత్రికుల మాట. వారు భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లునిగా భావింతురు. ఉగాదికి పుట్టింటివారు కూతురికి సారె తీసికొనిపోవునట్లు చీర, రవిక, పసుపు, కుంకుమలు మూటగట్టుకొని బయలుదేరుదురు. రాయచూరు, బళ్ళారి మున్నగు సీమల నుండి వచ్చువారు అనేకులు మన పడమటి పల్లెల మీదుగానే సాగుదురు. కొందరు మ్రొక్కుబడిగా కర్రకాళ్లపై నడచుదురు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివే. ఇచ్చట తెలుగు, కన్నడములు ఒకే ఇంట వినవచ్చును. అందుచే ఆ యాత్రికులు మనకు పరాయివారు కారు. వారికి మజ్జిగయు, అన్నమును పెట్టి, ఒక రాత్రి విశ్రాంతికి చోటు చూపుట ఈ పల్లెలలో పుణ్యకార్యముగా భావింపబడుచున్నది.

ఈ బాటకు కొన్ని వందల ఏండ్ల క్రిందట ఒక పెండ్లికూతురు వచ్చినది. ఆమెకు వెంట సారె లేదు, బంధువులు లేరు, మేళతాళములు లేవు. కట్టుబట్టయు లేదు. ఆమె వెదకుచున్న వరుడు చెన్న మల్లికార్జునుడు. ఆమెయే అక్క మహాదేవి. అట్టి మహనీయురాలి చరితమును ఈ పండుగ వేళ స్మరించుకొనుట యుక్తము.

మహాదేవి క్రీ.శ. పన్నెండవ శతాబ్దమున, నేటి కర్ణాటక రాష్ట్రమందలి శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోని ఉడుతడి యందు జన్మించెను. నిర్మలుడు, సుమతి అనువారు ఆమె తల్లిదండ్రులని చామరసకవి ప్రభులింగలీల చెప్పుచున్నది. ఇరువురును శివభక్తులు. అల్లమప్రభువునకు జన్మస్థానముగా ప్రసిద్ధి కెక్కిన బళ్ళిగావె కూడ ఆ తాలూకాలోనిదే. శివాలయములకును, విద్యకును నెలవైన ఆ సీమలో పెరిగిన బాలికకు భక్తి పసినాడే అబ్బెను. తోటి పిల్లలు బొమ్మల పెండ్లిండ్లు చేయు ప్రాయమున ఆమె మనస్సులో తన పెండ్లి నిశ్చయించుకొనినది. చావులేని వానిని, చెడుగులేని వానిని, రూపునకు అందని వానిని వరించుట తప్ప వేరు కోరిక ఆమెకు లేకుండెను. శ్రీశైలనాథుడైన మల్లికార్జునునే ఆమె చెన్న మల్లికార్జునుడని పిలిచెను. కన్నడమున చెన్నడనగా అందగాడు. తరువాతి కాలమున ఆమె చెప్పిన వచనములన్నిటను ఆ పేరే ముద్రగా నిలిచినది.

ఆ సీమను పాలించు కౌశికుడను రాజు ఒకనాడు ఊరేగింపుగా పోవుచు మహాదేవిని చూచెను. చూచినంతనే మోహపరవశుడై ఆమెను తనకిమ్మని తల్లిదండ్రులకు వర్తమానమంపెను. కాదనుటకు వారికి ధైర్యము చాలలేదు. రాజాజ్ఞను ధిక్కరించిన ఇల్లు నిలుచుట కష్టము. ఇచ్చట కవులలో రెండు త్రోవలున్నవి. హంపీ విరూపాక్షుని సేవించిన హరిహరకవి, ఆమె కాలమునకు సమీపమువాడు, ఆమె కొన్ని కట్టుబాట్లు విధించి రాజగృహమున కాలుమోపినదని చెప్పెను. శివపూజకును, శివభక్తుల సేవకును, గురుసేవకును అడ్డు రాకుండవలెనని ఆ కట్టుబాట్లు. రాజు వానిని ఒక్కొక్కటిగా మీరుటచే ఆమె ఆ గృహమును విడిచెను. పదునైదవ శతాబ్దపు చామరసకవి మాత్రము ఆ వివాహమే జరుగలేదని చెప్పెను. ఏ త్రోవను చూచినను తేలు సత్యమొక్కటే. ఆమెను నిర్బంధించుట రాజునకు సాధ్యము కాలేదు.

నేడు ఈ మాట చదువుట సులభము. ఆ కాలమున ఒక కన్య రాజును కాదని వెలుపలికి వచ్చుట ఎంతటి సాహసమో ఆలోచింపవలెను. తండ్రి, భర్త, కుమారుడు, వీరిలో ఎవరో ఒకరి నీడ లేనిదే స్త్రీకి నిలువ చోటు లేని లోకమది. మహాదేవి ఆ నీడలన్నిటిని దాటి ఎండలోనికి వచ్చినది. నగలు రాజువి కనుక విడిచినది. వస్త్రములు లోకమువి కనుక విడిచినది. తన పొడవైన కేశములే ఆచ్ఛాదనగా బయలుదేరినది. ఇది వెర్రి కాదు, ప్రదర్శన అంతకంటెను కాదు. ఈ దేహమును చూచియే గదా రాజు మోహపడెను, ఈ దేహమును చూచియే గదా లోకము తనను ఆడుదానిగా మాత్రమే ఎంచుచున్నది అని తలచి, దేహముపై గల అభిమానమును వేరుతో పెకలించివేసిన విరాగిణి ఆమె.

ఊరూర కాముకుల కన్నులు వెంటాడెను. ఆకలియైన భిక్ష దొరికెను, దాహమైన చెరువులుండెను, నిదురకు పాడుబడిన గుడులుండెను. తోడుగా ఆత్మనాథుడుండెను. ఆ విశ్వాసముతో ఆమె వందల కిలోమీటర్లు నడచి కల్యాణ పట్టణము చేరెను. అదియే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము.

ఆనాడు కల్యాణమును కలచురి బిజ్జలుడు పాలించుచుండెను. ఆతని కొలువున ఉన్నత పదవియందున్న బసవేశ్వరుడు, జాతి భేదమును పాటింపక శివశరణులందరిని ఒక్కచోట చేర్చెను. చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు, బట్టలుతుకువాడు, బ్రాహ్మణుడు, వీరందరును సరిసమానముగా కూర్చుండి అనుభవమును చర్చించిన సభ అనుభవమంటపము. దానికి అధ్యక్షుడు అల్లమప్రభువు. స్త్రీలకును అచ్చట స్థానము కలదు. కాని మహాదేవి వచ్చిన తీరున వచ్చినవారు లేరు.

ఆమె సభలో అడుగుపెట్టగా అల్లమప్రభువు కఠినముగా పరీక్షించెను. నీ భర్త ఎవరో చెప్పిన గాని కూర్చుండరాదని నిలిపెను. చెన్న మల్లికార్జునుడే తన భర్తయని ఆమె విన్నవించెను. దేహాభిమానము విడిచినదానవు గదా, మరి కేశములతో దేహమును కప్పుకొనుట ఏల అని ప్రభువు అడిగెను. ఆ ప్రశ్న బాణము వంటిది. సభయంతయు నిశ్శబ్దమాయెను. తన కొరకు గాక, చూచువారి మనస్సు నొచ్చుకొనకుండుటకే ఆ ఆచ్ఛాదనయని ఆమె వినయముగా తెలిపెను. ఆ సమాధానమున అహంకారము లేదు, భయము లేదు. అడిగినవానిపై కోపమును లేదు. వైరాగ్యమున ఉండవలసిన కరుణ మాత్రము కలదు. ప్రభువు సంతసించెను. బసవేశ్వరుడును, చెన్నబసవేశ్వరుడును, తక్కిన శరణులును ఆమెను అక్కయని గౌరవించిరి. వయస్సున ఆమె వారిలో అనేకుల కంటె చిన్నది. ఐనను నాటినుండి ఆమె అందరికిని అక్క.

ఈ కథను ఇంతవరకు చెప్పి ఆపువారు అనేకులు. నిజమునకు అక్క చరితములో మన కందరకు పనికివచ్చు ఘట్టము ఇకమీదనే కలదు.

కల్యాణమున ఆమెకు ఏమి కొదువ? రాజభవనమును విడిచుటలో ఆశ్చర్యము లేదు. ఆ భవనము ఆమెకు చెర. వస్త్రములను విడిచుటయు ఆమె వైరాగ్యమునకు సహజమే. కాని కల్యాణమున ఆమెను అర్థము చేసికొనినవారు ఉన్నారు. తండ్రి వంటి అల్లముడు ఉన్నాడు. తోబుట్టువు వంటి బసవన్న ఉన్నాడు. తన మాట వినుటకు సభ ఉన్నది. జీవితమంతయు వెదకిన సత్సంగము లభించినది. ఒక సాధకుని దృష్టిలో అదియే శిఖరము. ఆ శిఖరముపై స్థిరపడక ఆమె మరల దిగి నడక సాగించినది. శరణులు కన్నీటితో సాగనంపిరి. ఇల్లు విడుచుట కంటె, ఆదరించు పెద్దలను విడుచుట కష్టము. చెడ్డవానిని త్యజించు వైరాగ్యము కలవారు లోకమున కొందరుందురు. మంచివానిని సైతము, అంతకంటె మంచిదాని కొరకు, ప్రేమతో విడువగలవారు అరుదు.

ఆమె ఏల విడిచినదో శ్రీశైలపు కొండబాట చక్కగా బోధించును. కన్నడ సీమ యాత్రికులకు తరతరములుగా అలవాటైన ఆ బాట నేటికిని నిలిచియున్నది. దానిని ఎరిగినచో అక్క నడక ఎట్టిదో మన కన్నులకు కట్టును.

నల్లమల ఒక కొండ కాదు, కొండల వరుసలు. కృష్ణకును పెన్నకును నడుమ, ఉత్తర దక్షిణములుగా, ఒక వరుస వెనుక ఒక వరుసగా సాగియుండును. అందు 900 మీటర్లను మించిన శిఖరములు కలవు. పడమటి నుండి వచ్చువారు ఆత్మకూరు మీదుగా వెంకటాపురము చేరి అచ్చటినుండి అడవిలో ప్రవేశింతురు. మొదట నాగలూటి వచ్చును. అచ్చట వీరభద్రస్వామి ఆలయము, కోనేరు కలవు. కైరుప్పలలో పిడకల కలహమును చిరునవ్వుతో చూచిన స్వామియే ఇచ్చట అడవి వాకిట కాపరిగా నిలిచినట్లు భక్తులకు తోచును. ఆయనకు మ్రొక్కి, నీరు నింపుకొని, రాతిమెట్ల మీదుగా కొండ నెక్కుదురు.

పైకి చేరిన పిదప బాట చాలదూరము కొండ వీపుపైననే సాగును. చిరుమాను, నల్లమద్ది, ఏగి, టేకు, వెదురు ఇరువైపుల దట్టముగా నుండును. ఫాల్గుణ మాసాంతమున ఆకు రాలి అడవి పలుచనై యుండుటచే ఎండ నేరుగా నెత్తిన పడును. రాలిన ఎండుటాకులపై అడుగు పడినంతనే చప్పుడగును. ఆ చప్పుడు మనదో, ఎలుగుబంటిదో తెలియక గుండె జల్లుమనును. పులి, చిరుత, దుప్పి, కణుతి సంచరించు అరణ్యమది. నేడు పులుల అభయారణ్యమగుటచే పండుగ దినములలో మాత్రమే అధికారుల అనుమతితో యాత్రికులు గుంపులుగా నడచుదురు. ఈ అడవి బిడ్డలైన చెంచులు మల్లన్నను తమ అల్లునిగా కొలుతురు. దారి ఎరిగినవారు వారే. నీటి చెలమలు ఎరిగినవారు వారే. పెద్దచెరువు వద్ద వారి గూడెము కలదు. అచ్చట చెరువు గట్టున యాత్రికులు సేదదీరి మరల బయలుదేరుదురు.

ఇంతవరకు వచ్చిన యాత్రికునకు ఒక ఆశ పుట్టును. కొండ ఎక్కితిమి, ఎత్తునకు వచ్చితిమి, ఇక ఈ ఎత్తుననే నడచి స్వామి సన్నిధి చేరుదుమని తలచును. అట్లు జరుగదు. ముందర భూమి ఒక్కసారిగా విరిగి లోయగా మారును. ఆ లోయ అడుగున భీముని కొలను. ఆవలి వైపున నిట్టనిలువుగా మరియొక కొండ. శ్రీశైలము ఆ కొండపైన కలదు. ఎంతో శ్రమపడి సంపాదించిన ఎత్తునంతయు వదలుకొని, మోకాళ్లు వణకుచుండగా, మెట్టు మెట్టునకు దిగవలెను. దిగనిదే ఎక్కుట లేదు. ఈ దిగుడునందే అనేకులు నీరసింతురు. కాళ్ల నొప్పి కంటె, ఎక్కినదంతయు వ్యర్థమాయెనను దిగులు ఎక్కువ బాధించును. కొలను వద్ద నీరు త్రాగి, మల్లన్నను తలచి, ఆవలి గట్టు ఎక్కినవారికి పైన కైలాసద్వారము స్వాగతమిచ్చును. అచ్చటినుండి హాటకేశ్వరము మీదుగా క్షేత్రము సమీపమే.

ఒక శిఖరమునుండి మరియొక శిఖరమునకు గాలిలో బాట లేదు. నడుమ లోయ తప్పదు. కల్యాణము ఒక శిఖరము. అచ్చట లభించిన గౌరవము, సత్సంగము, అక్కయను పిలుపు, ఇవన్నియు నిజమైన ఎత్తులే. కాని ఆమె గమ్యము ఆవలి కొండపైన కలదు. ఆ గౌరవమునుండి దిగి, ఎవరును ఎరుగని ఏకాంతపు లోయలోనికి ఆమె దిగవలసి వచ్చెను. దిగినది గనుకనే ఎక్కినది.

మరియొక విషయము గమనింపదగినది. ఈ కొండలపై సోపానములు కట్టించిన పుణ్యము రెడ్డిరాజుది. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లు నిర్మింపజేసెను. అక్క వచ్చినది అంతకు సుమారు రెండువందల ఏండ్లకు ముందు. ఆమె పాదములకు సోపానములు లేవు. మనము నేడు రాతిమెట్లపై ఎక్కుచు ఆయాసపడునపుడు, ముండ్లపైనను, కాలిన బండలపైనను నడచిన ఆ ఒంటరి పాదములను తలచుకొనవలెను.

అక్క శ్రీశైలము చేరెను. శిఖరేశ్వరమునుండి మల్లికార్జుని ఆలయ శిఖరమును చూచిన పునర్జన్మ లేదని మన పెద్దల విశ్వాసము. పన్నిద్దరు జ్యోతిర్లింగములలో నొకడైన స్వామిని, పసినాడు పెండ్లాడిన వానిని, ఆమె కన్నులార చూచెను. యాత్రికులకు అది యాత్రాంతము. ఆమెకు అదియు అంతము కాలేదు. చెట్టు చెట్టునకు పోయి, చిలుకను, కోయిలను, తుమ్మెదను, హంసను, నెమలిని పలుకరించి తన స్వామి జాడ విచారించినదని ఆమె వచనములవలన తెలియుచున్నది.

హరిహరకవి ఇచ్చట హృదయమును కలచు ఒక ఘట్టమును చెప్పెను. బిడ్డను వెదకుచు తల్లిదండ్రులు ఆ కొండలకు వచ్చిరట. అడవిలో, కందమూలములతో, దిసమొలతో నున్న కూతురిని చూచి ఏ తల్లి తట్టుకొనగలదు? ఇంటికి రమ్మని వేడుకొనిరి. మహాదేవి వారిని తూలనాడలేదు. తన ఇల్లు ఇదియే, తన మగడు ఇచ్చటనే యున్నాడు, పెండ్లియైన ఆడపిల్ల అత్తవారింట నుండుటయే ధర్మము గదా అను భావముతో వారిని ఓదార్చి పంపెను. ఆడపిల్లను అత్తవారింటికి పంపిన ప్రతి తల్లికిని ఆ వీడ్కోలు తెలియును. కౌశికుడును శివభక్తుని వేషమున వచ్చి ప్రాధేయపడెనని ఆ కవియే చెప్పెను. వేషము మారినను కోరిక మారలేదు. ఆమె చలింపలేదు. లోయలోనికి దిగినవారిని వెనుకకు లాగు చేతులు రెండు రకములు. ఒకటి మోహముది, రెండవది మమకారముది. మోహపు చేతిని విదలించుకొనుట తేలిక. అమ్మ చేతిని మెల్లగా విడిపించుకొనుట కష్టము. అక్క రెండింటిని రెండు రీతుల దాటినది. రాజును తిరస్కరించినది, తల్లిదండ్రులను సముదాయించినది. ఈ భేదమును గుర్తింపనివారు వైరాగ్యమనగా కఠినత్వమని పొరపడుదురు.

పిదప ఆమె కదళీవనమున ప్రవేశించెను. శ్రీశైలమునకు ఎగువన, కృష్ణానది లోయలో, కొండల నడుమ నున్న నిర్జన ప్రదేశమది. పాతాళగంగనుండి నదిపై ఎగువకు పోయిన అక్క మహాదేవి గుహలు వచ్చును. గుహల ముందు సుమారు 200 అడుగుల పొడవున ఒక రాతి తోరణము, చేతితో చెక్కనిది, ప్రకృతియే నిలిపినది, కానవచ్చును. లోపలి బిలము క్రమముగా ఇరుకై, తుదకు వంగి, ప్రాకి పోవలసినంత చిన్నదగును. చీకటి చివర శివలింగము కలదు. ఎంతటివాడైనను అచ్చట తల వంచవలసినదే. 1980వ దశకమున శ్రీశైలము ఆనకట్ట పూర్తియై నీరు నిలిచిన తరువాత అచ్చటికి పడవలపై పోవుట అలవాటాయెను. అంతకుముందు పాతాళగంగ అనేక మెట్లు దిగిన గాని అందని ప్రవాహము.

కదళి యనగా అరటి. అరటిచెట్టు ఒక్కసారి గెల వేసి తన పని ముగించును. కదళీవనమును శరణులు దేహమునకు సంకేతముగాను చెప్పుదురు. ఆ వనమును దాటుటయనగా దేహభావమును దాటుట. చిన్ననాడు వరించిన చెన్న మల్లికార్జునునిలో అక్క ఆ కదళీవనముననే లీనమైనదని భక్తుల విశ్వాసము. అప్పటికి ఆమెకు నిండు యౌవనము. సమాధి కట్టుటకు దేహము మిగులలేదని చెప్పుకొందురు. రాజు కోరిన దేహమును ఆమె రాజునకు ఈయలేదు, మట్టికి సైతము ఈయలేదు.

ఆమె మనకు విడిచిపోయినది వచనములు. నాలుగు వందలకు పైగా వచనములు, యోగాంగత్రివిధి అను రచన ఆమె పేర కలవు. పండితులకు మాత్రమే అందు భాషలో గాక, నీళ్లబిందె మోయు స్త్రీకిని అర్థమగు కన్నడమున ఆమె పలికెను. చామరసుని ప్రభులింగలీల తెలుగులోనికి రాగా మనవారును ఆమె కథను పఠించిరి. 1973లో ఏ.కె. రామానుజన్ శివశరణుల వచనములను ఆంగ్లమున వెలువరింపగా అందు అక్క మాటలును దేశాంతరములకు చేరెను. కర్ణాటకమున విజయపురమందలి మహిళా విశ్వవిద్యాలయము నేడు ఆమె పేరు ధరించియున్నది. చదువుకొను ఆడపిల్లలకు అంతకంటె తగిన నామము దొరకదు.

భక్తులారా! మనమందరమును అక్క వలె సర్వమును త్యజింపలేము. త్యజింపవలెనని ఆమెయు కోరలేదు. ఆమె తల్లిదండ్రులను ఇంటికి పంపినదే గాని తన వెంట రమ్మనలేదు. కాని ప్రతివాని జీవితమునను ఒక భీముని కొలను తప్పక వచ్చును. పదవినుండి దిగవలసిన దినము, పేరు మరుగున పడు దినము, పెంచిన బిడ్డలు దూరమగు దినము, ఆత్మీయుల సభనుండి ఒంటరిగా లేచిపోవలసిన దినము వచ్చును. ఎక్కినదంతయు వ్యర్థమాయెనని అప్పుడు కుంగరాదు. ఇది పతనము కాదు, దారిలోని దిగుడు. కొలను వద్ద గ్రుక్కెడు నీరు త్రాగి, ఆవలి కొండను చూడవలెను. కైలాసద్వారము ఆ వైపుననే కలదు.

వచ్చు ఉగాదికి కైరుప్పలలో మరల పిడకలు లేచును; కలహము కల్యాణముగా ముగియును. సారెమూటలతో యాత్రికులు మన వాకిళ్ల ముందుగా సాగిపోవుదురు. వారికి ఒక చెంబెడు నీరు అందించునపుడు, ఏ మూటయు లేక ఈ కొండల వైపు నడచిపోయిన ఆ పెండ్లికూతురిని ఒక్కసారి తలచుకొందము గాక. భ్రమరాంబా సమేత మల్లికార్జునస్వామి మన అడుగులను ఎత్తునను, దిగుడునను సమముగా కాపాడుగాక.